కందెన పెట్టిన కారు

ఆ రోజుల్లో నేను భయపడని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, రేపల్లెలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని, పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడి కోరుకునేది ఏంటంటే, "స్వామీ, ఇవాళ నా కారు ఎడమ చక్రం ఊడకుండా చూడు" అని. వెంటనే రెండో కోరిక కూడా కోరేదాన్ని. "ఒకవేళ ఊడినా, ఆ సంగతి మా అమ్మకి తెలియకుండా చూడు" అని. ఈ రెండింట్లో ఏది ముందు తీర్చాలని దేవుడు అడిగితే రెండోదే అని చెప్పేదాన్నేమో! చక్రం ఊడితే మళ్ళీ బిగించుకోవచ్చు. అమ్మకి తెలిస్తే మాత్రం నా ఉద్యోగం ఊడేది, దాన్ని బిగించే మెకానిక్ మా జిల్లాలో లేడు.

మా ఊరు జంపని పక్కన. అక్కణ్ణించి రేపల్లెకి బస్సులో పోవాలంటే మధ్యలో బస్సు మారాలి. ఆ మారే బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. కాలేజీలో మొదటి పీరియడ్ నాది. చేరిన కొత్తలో నాలుగు రోజులు ఆలస్యమయ్యేసరికి ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదగా, "అమ్మా, మీరు గంట కొట్టాక వస్తున్నారు. ఇలాగైతే మీకే గంట కొట్టాల్సొస్తుందండి" అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే నాన్న మర్నాడే తెనాలి వెళ్ళి ఓ పాత తెల్ల కారు బేరమాడుకొచ్చాడు. డాక్టరు గారి బండి, హాస్పిటల్‌కీ ఇంటికీ తప్ప ఎక్కడికీ తిరగలేదు అని బ్రోకరు చెప్పాడట. (మా వైపు అమ్మకానికొచ్చే ప్రతి పాత కారూ డాక్టరు గారిదే. ఆ లెక్కన మా వైపు డాక్టర్లకి కార్లు కొని అమ్ముకోవడంతోనే పొద్దు సరిపోవాలి.) దాన్ని తీసుకొచ్చి గేదెల పాకలో ఓ పక్కన కట్టేసినంత పని చేశాడు నాన్న. అమ్మ దానికి తెల్లావు అని పేరు పెట్టింది.

పూజ రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బోనెట్ మీద పసుపుతో స్వస్తిక్ గీసి, హారతి పళ్ళెం పక్కన పెట్టాక అమ్మ నావైపు తిరిగింది. మా అమ్మకి కాలవంటే చచ్చే భయం. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఓ ట్రాక్టరు కట్ట మీంచి కాలవలోకి దిగిపోతే, దాన్ని పైకి లాగేదాకా అక్కడే నిలబడి చూసిందట. "చూడవే బుజ్జీ, నువ్వు పోయేది కాలవ కట్ట మీద. ఈ బండిలోంచి ఏదన్నా తేడా చప్పుడొచ్చిందో, ఆ రోజుతో నీ ఉద్యోగానికి నమస్కారం. ఇంట్లో కూర్చుని ట్యూషన్లు చెప్పుకుందువు గాని. ఇది నా మాట" అంది. మా ఇంట్లో నాన్న మాటలు చాలా ఉంటాయి, రోజుకొకటి మారుతుంటాయి. అమ్మ మాట మాత్రం ఒకటే, అది మారినట్టు ఎవరూ చూడలేదు. అప్పుడు నేను తేలిగ్గా సరేనన్నాను. కారు బంగారంలా నడుస్తోంది మరి.

ఎండలు ముదిరేదాకా బాగానే ఉంది. ఓ రోజు పొద్దున మా ఇంటి ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతుంటే కింద ఎక్కడో "కిర్ర్... టక్" అంది. క్యారేజీలో చెంచా అనుకున్నాను. మర్నాడు చెంచా ఇంట్లో పెట్టి వెళ్ళాను, చేత్తోనే తిన్నాను. అయినా "కిర్ర్... టక్". సీటు కింద నీళ్ళ సీసా తీసేశాను, అద్దానికి వేలాడే ఆంజనేయస్వామిని తీసి దణ్ణం పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను, డిక్కీలో జాకీని గుడ్డలో చుట్టి పెట్టాను. ఆఖరికి నా గాజులు కూడా తీసేశాను. (స్టాఫ్ రూములో తెలుగు మేడమ్ నా బోసి చేతులు చూసి కంగారుపడి, "ఏమైందమ్మా?" అని పక్కకి తీసుకెళ్ళి అడిగింది.) చప్పుడు తగ్గలేదు. నెమ్మదిగా పోతూ చిన్న గోతిలో పడ్డా, మెల్లిగా బ్రేకు వేసినా ఎడమ చక్రం దగ్గర్నుంచి వస్తోంది. అప్పటి నుంచి మొదలైంది నా నరకం. కాలవ కట్ట ఎక్కగానే, నా చక్రం నన్నొదిలేసి ముందుగా దొర్లుకుంటూ పోయి నీళ్ళలో బుడుంగున మునగడం కళ్ళకి కట్టినట్టు కనిపించేది.

దానికన్నా పెద్ద గండం ఇంటి ముందు స్పీడ్ బ్రేకరు. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా పాకలో గేదె తాడు విప్పుకున్న సంగతి పసిగట్టే చెవులు మా అమ్మవి. అందుకని గేటు దాటే ముందే భక్తి పాటలు పెట్టి సౌండు పెంచేదాన్ని. "ఏంటే, ఈమధ్య బండెక్కగానే ఇంత భక్తి ముంచుకొస్తోంది?" అంది అమ్మ ఓ రోజు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పరీక్షలమ్మా, పిల్లలకి" అన్నాను. పిల్లల పరీక్షలకి నేనెందుకు పాటలు వినాలో అమ్మ అడగలేదు. అడగకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది.

ఇక లాభం లేదని నాన్నకి చెప్పాను. నాన్న అటూ ఇటూ చూసి, "అమ్మకి చెప్పావా?" అన్నాడు. లేదన్నాను. "బతికించావు" అన్నాడు. అలా నాన్న నా పక్షాన చేరాడు గానీ, భయపడేవాళ్ళు ఒకరికి ఇద్దరయ్యారు తప్ప బలమేమీ పెరగలేదు. ఆదివారం టైర్లకి గాలి అని చెప్పి తెనాలిలో మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మంచి పేరున్నవాడు. ఆ పేరు వల్లనే కాబోలు, బండి కిందకి వంగి చూడాల్సిన అవసరం ఆయనకి కనబడలేదు. కూర్చున్న చోటి నుంచే రెండు చేతులూ ఊపి, "షాకర్లు పోయాయండి" అన్నాడు. రెండు కొత్త షాకర్లు వేయించుకుని బయటికొస్తే షెడ్డు గేటు దగ్గరే "కిర్ర్... టక్". వెనక్కి వెళ్ళి అడిగితే, "కొత్త కోడలండి. ఇంట్లో కలవడానికి టైం పట్టదా?" అన్నాడు. "పక్కింటి కోడల్ని మార్చొచ్చినట్టుంది మన పని. గొడవ మనింట్లోనే ఉంది" అని దారంతా నాన్న గొణుగుతూనే ఉన్నాడు.

ఆ కొత్త కోడలు కలవనే లేదు గానీ, ఓ రోజు పొద్దున పెద్ద వాన పడింది. వణుక్కుంటూ కారు తీస్తే స్పీడ్ బ్రేకర్ మీద చడీచప్పుడూ లేదు. మడుగుల్లోంచి పోయినా లేదు. సాయంత్రం ఎండ కాసి దారి ఆరాక మళ్ళీ మొదలైంది. ఈ సంగతి చెప్పగానే నాన్న తొడ చరిచాడు. "దొరికింది! తడి తగిలితే నోరు మూసింది, ఆరితే ఏడుస్తోంది. అంటే ఏంటి? ఎండిపోయింది. మా నాన్న ఎడ్లబండీ అంతే, ఎండాకాలం వస్తే ఊరంతా వినబడేట్టు ఏడ్చేది. బండి కింద వేలాడే గొట్టంలోంచి ఇంత కందెన తీసి ఇరుసుకి పూస్తే పొలిమేర దాటేదాకా కుక్క కూడా మొరిగేది కాదు. దీనికి కావాల్సింది కందెన!" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. రాపిడి ఉన్నచోట జిడ్డు రాయడం తప్పా?" అని అడిగాడు. ఆ వారమే క్లాసులో ఘర్షణ పాఠం చెప్పాను. కందెనలు ఘర్షణని తగ్గిస్తాయి అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. "తప్పేం లేదు నాన్నా, సైన్సు కూడా అదే అంటోంది" అన్నాను.

అమ్మ బాపట్లలో ఎవరిదో బారసాలకి వెళ్ళిన రోజు ముహూర్తం పెట్టుకున్నాం. ట్రాక్టరు గ్రీజు డబ్బా, ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిలు, నాన్న పాత లుంగీ సిద్ధం. కారుని ఇటుకల మీద ఎత్తి, నాన్న కిందకి దూరి, నేను టార్చి పట్టుకుంటే, చక్రం వెనక కనబడిన ప్రతి సందులోనూ రెండు చేతులా కూరాడు. అక్కడేదో నల్లటి రబ్బరు ముక్క ఉంటే, "పాపం, ఇదే బాగా ఎండిపోయింది" అని దానికి ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టాడు. గేదెలు మెడలు చాచి మరీ చూశాయి. అన్నీ అయ్యాక స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించాను. నిశ్శబ్దం! నాన్న ఆ గ్రీజు చేతులతోనే మీసం మెలేశాడు. ఆ మరక పోవడానికి పడ్డ పాట్లు వేరే చెప్పాలి.

కొన్నాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పాటలు మానేశాను, గాజులేసుకున్నాను, క్యారేజీలో చెంచా పెట్టుకున్నాను. ముఖంలో కళ వచ్చిందని తెలుగు మేడమ్ అంది. ఆ కళ ఊడ్పుల దాకా ఉంది. కాలవలకి నీళ్ళొదిలిన రోజుల్లో, కట్ట మీద బ్రేకు వేస్తే ఈసారి "టక్" కాదు, "దడ్" మంది. పాదం కింద తన్నినట్టయింది. దాంతోపాటు కారు ఎడమ పక్కకి ఓ అడుగు జరిగింది. వెళ్ళేటప్పుడు కాలవ నాకు ఎడమ పక్క, వచ్చేటప్పుడు కుడి పక్క. అందుకని సాయంత్రాలు కాస్త ధైర్యంగా ఉండేదాన్ని, పొద్దుటి పూటలు మాత్రం ఎవరూ చూడకుండా ఏడ్చేదాన్ని. నాన్నతో చెబితే, "చాల్లేదేమో, ఇంకాస్త పెడదామా?" అన్నాడు. పెట్టాం. కారు ఇంకో అడుగు ఎక్కువ జరగడం మొదలుపెట్టింది. మానేద్దామా ఉద్యోగం అని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ క్లాసులో పిల్లలు నేను తలుపులోకి రాగానే లేచి నిలబడి అరిచే గుడ్ మార్నింగ్ ఉంది చూడండి, అది లేకుండా ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటే కాలవే నయమనిపించేది.

అలాంటి సమయంలో కర్లపాలెంలో మా పిన్ని కొత్తింటి గృహప్రవేశం వచ్చింది. "కార్లో పోదాం" అంది అమ్మ. నాన్న ముఖం మాడిపోయింది. "బస్సులో అయితే గాలి బాగా..." అని మొదలుపెట్టాడు. "పట్టుచీర కట్టుకుని బస్సులో వేలాడనా? ఇంట్లో బండి ఎందుకు కొన్నట్టు?" అంది. తప్పలేదు. నాన్న ముందు నా పక్కన, అమ్మ వెనక సీట్లో, ఒళ్ళో బట్టలు పెట్టిన సంచీ. బయల్దేరాం. గతుకు కనబడగానే నాన్న గట్టిగా దగ్గేవాడు. పెద్ద గతుకైతే, "ఈసారి ఊడ్పులు ముందే అయిపోయాయి చూశావా!" అని చేలకేసి చెయ్యి చూపించి అరిచేవాడు. వేమూరు దాటాక దగ్గు నిజం దగ్గయిపోయింది పాపం. నేను పాటలు పెట్టబోతే, "వద్దులే, తలనొప్పి" అంది అమ్మ. అద్దంలోంచి చూస్తే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ముఖంలో ఏమీ తెలియడం లేదు. "దడ్" అంది కారు. నాన్న దగ్గాడు. అమ్మ కదల్లేదు.

పిట్టలవానిపాలెం ఇంకా రాలేదు, కాలవ కట్ట మీద పోతున్నాం. కాలవ ఎడమ పక్కే, ఎర్రటి నీళ్ళు అంచుల దాకా ఉన్నాయి. ఉన్నట్టుండి కుడి పక్క చేలోంచి బాతుల మంద రోడ్డెక్కింది. వందల్లో ఉన్నాయి, వాటికి తొందరేం లేదు. బ్రేకు తొక్కాను. కింద ఏదో తెగినట్టు పెద్ద చప్పుడైంది, స్టీరింగ్ నా చేతుల్లోంచి తిరిగిపోయింది, కారు ఎడమకి దూసుకుపోయింది. "అమ్మా!" అని నేను, "ఓరి దేవుడో!" అని నాన్న. ముందు అద్దంలో రోడ్డు పోయి తుంగ వచ్చింది, తుంగ పోయి నీళ్ళు వచ్చాయి. అక్కడ ఆగింది. ఇంజను ఆగిపోయింది. బాతులు మాత్రం అరుస్తూనే ఉన్నాయి. నాన్న తలుపు కొంచెం తెరిచి కిందకి చూసి, మళ్ళీ మెల్లిగా మూసేశాడు. ఆయన తలుపు కింద నేల లేదు.

వెనక కుడి పక్క తలుపు తెరుచుకుంది. అమ్మ దిగింది. నా వైపు వచ్చి తలుపు తీసి, "దిగవే" అంది. ఎలా దిగానో తెలియదు. దిగగానే అమ్మని పట్టుకుని బావురుమన్నాను. "మానేస్తానమ్మా, ఉద్యోగం మానేస్తాను, ట్యూషన్లు చెప్పుకుంటాను" అని ఏవేవో అన్నాను. అమ్మ నా వీపు నిమురుతూ కాలవకేసే చూస్తోంది. నాన్న గేరు రాడ్డు మీంచి పాక్కుంటూ ఇటు పక్కకి దిగాడు, పంచె దానికి తగులుకుని చిరిగింది. బాతుల కాపరి, దారిన పోయేవాళ్ళు నలుగురూ కలిసి కారుని వెనక్కి లాగి రోడ్డు మీద పెట్టారు. "చల్లగా బయటపడ్డారమ్మా" అని వాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడు అమ్మ పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చక్రం దగ్గర కూర్చుంది. లోపలికి చూసింది. ఉబ్బిపోయి, చిరిగి, నల్లగా వేలాడుతున్న ఆ రబ్బరు ముక్కని వేలితో తాకింది. వేలు వాసన చూసింది. "ఏవండీ, ట్రాక్టరు గ్రీజు ఇక్కడికెలా వచ్చింది?" అంది. నాన్న దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. "కందెన పెడితే నోరు మూస్తుందని..." అన్నాడు చివరికి. "రబ్బరుకా? కుక్కరు మూతకి నూనె చెయ్యి తగలనివ్వద్దని, తగిలితే లోపలి రబ్బరు ఉబ్బి సాగిపోతుందని మీకు నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతానే! ఇది ఎడ్లబండి ఇరుసా? ఈ చదువులమ్మకైనా తెలియక్కర్లేదూ?" నేను ఏడుస్తూనే, "సైన్సులో అలా లేదమ్మా" అన్నాను. "ఉంటుందిలే. నువ్వు ఆ పేజీ దాకా పోయుండవు" అంది.

"నీకు చప్పుడు తెలియకూడదనే ఇదంతా చేశామమ్మా" అన్నాను. అమ్మ చెయ్యి గడ్డికి తుడుచుకుంటూ లేచింది. "నాకు తెలియదనుకున్నావా? ఎండలు ముదిరిన రోజుల్లోనే విన్నాను. మన ఇంటి ముందు స్పీడ్ బ్రేకరు మీద" అంది. "మరి... అనలేదేంటి?" అన్నాను. "అంటే నిన్ను ఆపాలి కదే! ఆ రోజు అందరి ముందూ మాట అనేశానాయె. విన్నానంటే ఆ మాట మీద నిలబడాలి. నువ్వేమో సాయంత్రం ఇంటికొచ్చి నీ పిల్లల కబుర్లు చెబుతుంటే ముఖం వెలిగిపోతుంటుంది. ఎలా ఆపను? అందుకే వినలేదు" అంది. "నువ్వు చేరానని ఫోన్ చేసేదాకా వంటింట్లో ఏం చేస్తున్నానో నాకే తెలిసేది కాదు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా అమ్మ కాలవ ఒడ్డున ఏడవడం చూసి నాన్న కూడా కళ్ళు తుడుచుకున్నాడు, బాతులు రేపిన దుమ్మని చెప్పాడు.

మనిషి నడిచినంత నెమ్మదిగా కారుని కర్లపాలెం తీసుకెళ్ళాం, అమ్మ ముందు సీట్లో కూర్చుని "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూనే ఉంది. అక్కడి షెడ్డులో మెకానిక్ గడ్డపలుగు పెట్టి ఇలా కదిపితే చక్రమంతా అటూ ఇటూ ఊగింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఉంటుంది, ఆ చేతికి భుజం దగ్గర ఉండే రబ్బరునే బుష్ అంటారట. తీసి చూపించి, "ఇది బుష్షా, హల్వానా అండి?" అన్నాడు. నాన్న చిరిగిన పంచెతోనే బస్సెక్కి బాపట్ల వెళ్ళి కొత్తవి తెచ్చాడు. అమ్మ పట్టుచీరతో షెడ్డులో స్టూలు మీద కూర్చుని ప్రతి బోల్టూ చూసింది. అంతా అయ్యాక అతను తలుపు మడత బందుకి చుక్క వేద్దామని నూనె డబ్బా తీశాడు. "బాబూ, అది అక్కడ పెట్టెయ్యి!" అని అమ్మ వేసిన కేకకి డబ్బా జారి కింద పడింది. మేం పిన్ని ఇంటికి చేరేసరికి ఆఖరి పంక్తి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. బూరెలు మాత్రం మిగిలాయి. నేను ఆవురావురుమంటూ తిన్నాను.

ఉద్యోగం మానమని అమ్మ ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆ తెల్లావుని ఆ తర్వాత చాన్నాళ్ళు నడిపాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను, వేరే కాలేజీ, వేరే కారు. అద్దాలు ఎత్తితే బయటి ప్రపంచమే వినబడదు. ఎప్పుడైనా కాలవ కట్ట మీద పోతుంటే, గాజులు తీసి బ్యాగులో పెట్టుకుని, స్టీరింగ్‌ని రెండు చేతులా నొక్కి పట్టుకుని పోయే ఆ పిరికిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఇంట్లో భయపడేది తానొక్కతే అనుకునేది, పిచ్చిది. ఇప్పటికీ కాలేజీ చేరగానే ఇంటికి ఫోన్ చేస్తాను. మొదటి రింగు పూర్తి కాకుండానే అమ్మ ఎత్తుతుంది. "చేరానమ్మా" అంటాను. "నేనేమైనా అడిగానా?" అంటుంది.